ఏ స్టేషనో అడగలేదు

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ముంబై రైలు కోసం కూర్చుని, మా నాలుగు రోజుల సెలవుల ప్లాను సుజాతకు చదివి వినిపిస్తున్నాను. ట్యాక్సీల ఊసు లేకుండా అన్నీ లోకల్ రైళ్లూ, బస్సులే. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో వివరంగా రాసుకున్నాను. ఆరేళ్ల మా పాప తల్లి ఒళ్లో నిద్రపోతోంది.

పక్కన ఒంటరిగా కూర్చున్న పెద్దావిడ అంతా విని, "మంచిగ రాసినవ్ బిడ్డా. మీరెక్కినంక పాప కిందనే ఉండిపోతే ఏం చెయ్యాల్నో చెప్పినవా?" అంది.

లేదన్నాను.

"ఉన్నకాడనే నిలబడు, మేమే మళ్లొస్తమని చెప్పు. మేం చెప్పలే. మా పిలగాడు మమ్మల్ని దేవులాడుకుంట, వెతుక్కుంట యాడికో పోయిండు."

"ఎప్పుడమ్మా?" అంది సుజాత మెల్లగా.

"ముప్పై ఏండ్లాయె. ఏటా ముంబై పోయి, ఆ ప్లాట్‌ఫారం మీద రెండు దినాలు నిలబడొస్త. ఇప్పుడు సుత గాడికే పోతున్న."

ఇంతలో రైలొచ్చింది. జనంలో ఆవిడ ఏ పెట్టె ఎక్కిందో చూడలేదు.

ముంబైలో పాప చేయి క్షణం వదల్లేదు. రైలు ఆగిన ప్రతిచోటా నేనూ సుజాతా కిటికీలోంచి ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికాం. ఆవిడ నిలబడేది ఏ స్టేషన్లోనో అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.