శనివారం మిగిలిన మాత్ర

నాయన రోజూ పొద్దున టిఫినుకు ముందు ఒక చక్కెర జబ్బు మాత్ర వేసుకునేవాడు, ఒక్క శనివారం తప్ప. ఆ రోజు ఆయనకు ఒక్కపొద్దు. సాయంత్రం ఇంట్లో దీపం పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. తినని రోజు మాత్ర దేనికని ఆయన వాదన. నాకూ సబబుగానే తోచింది.

అయినా శనివారం మధ్యాహ్నాలు మా ఇత్తడి సామాన్ల అంగడిలో ఆయనకు చెమటలు పట్టేవి. ఒకసారి బిందె తూకం వేస్తూ పక్కకు ఒరిగిపోయాడు. చక్కెర నీళ్ళు తాగించాను. తేరుకున్నాక ఆయన బాధంతా ఒక్కపొద్దు చెడిందనే. ఇంకోసారి ఆ నీళ్ళు పొయ్యనని ఒట్టు వెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు.

ఆదివారం కడుపునిండా తిని సోమవారం డాక్టరు దగ్గరికి పోతే మూత్ర పరీక్ష, చక్కెర ఎక్కువని, ఇటుక రంగుకు తిరిగేది. ఇలాగే ఉంటే మాత్ర పెంచాలన్నాడు డాక్టరు. శనివారం ఒరిగిపోయే మనిషికి ఇంకా పెంచడమా అని నాకు భయం పట్టుకుంది.

నా చదువు పదో తరగతితో ఆగినా, తిరుపతి గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. ఒక ఇంగ్లీషు మందుల పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, వారం రోజులు చదివాను. నాయన వేసుకునే రకం మాత్ర ఒంట్లోంచి మెల్లగా పోతుందట. రోజు గడిచినా సగానికి పైగా మిగులుతుందట. లెక్క సులువుగా ఉండాలని సగమే అనుకున్నాను. మొదటిరోజు, అంటే ఆదివారం, ఒకటి. రెండోరోజు పాత అర, కొత్త ఒకటి, మొత్తం ఒకటిన్నర. మూడోరోజు ఒకటీ ముప్పావు. అట్లా పెరిగి శుక్రవారానికి దాదాపు రెండు. శనివారం పొద్దునకు అందులో సగం పోయినా ఇంకా ఒకటి ఉంటుంది. మింగని రోజు కూడా ఖాళీ కడుపు మీద ఒక నిండు మాత్ర పనిచేస్తోందన్నమాట.

ఆ లెక్కను గ్రాఫు కాగితం మీద గీతగా గీసి, నాయనతో పాటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

"మావాడు లైబ్రరీలో డాక్టరు చదివినాడు సామీ" అన్నాడు నాయన.

డాక్టరు నవ్వలేదు. నేను ఒక్కపొద్దు సంగతి ఎత్తగానే ముందు దాని గురించే అడిగాడు. నాయన ఇన్నాళ్ళూ ఆయనకు అది చెప్పనేలేదు. తర్వాత కాగితం చూసి, "లెక్క సరిగానే వేసినావు. అయితే ఈ వయసులో సగం కాదు, ఇంకా ఎక్కువే మిగలొచ్చు. అది మనిషిని చూస్తేనే తెలుస్తుంది" అన్నాడు. నా గర్వం కొంచెం తగ్గింది.

మాత్ర పెంచలేదు. తొందరగా పోయే రకానికి మార్చి, తినబోయే ముందే వేసుకోమన్నాడు. కళ్ళు తిరిగితే ఒక్కపొద్దయినా సరే చక్కెర నీళ్ళు తాగాలని నాయన చేత ఒప్పించాడు.

రెండు వారాలు పోయాక, పాత మందు పూర్తిగా దిగిపోయి ఉంటుందని నేను లెక్కగట్టిన శనివారం, మధ్యాహ్నం ఆయన ఎదురుగానే కూర్చున్నాను. నుదురు పొడిగా ఉంది.

"ఏందప్పా అట్ల సూస్తాండావు?"

"ఎట్లుండాది నాయనా?"

చేతిలోని బిందె పక్కన పెట్టాడు.

"ఆకలిగా ఉండాది, అంతే" అన్నాడు.