ఈడిత్ ది ఫోర్త్ గారి ఏడు తరాలు

ఒక మనిషి తన ఇంటి ఓనరు పరువు తీయాలంటే ఎన్నో మార్గాలున్నాయి. అద్దె ఎగ్గొట్టవచ్చు, బాత్రూమ్ పైపు పగలగొట్టవచ్చు. నేను మాత్రం ఆవిడ డెబ్బై అయిదో పుట్టినరోజున, చుట్టాలందరి ముందు, చేతిలో మైకు పట్టుకుని, ఎనిమిది అడుగుల కాగితం సాయంతో ఆ పని చేశాను. అదీ ప్రేమగా చేశాను. చదివి నవ్వండి, పరవాలేదు. ఆ రోజు అందరూ నవ్వారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. తణుకు నుంచి సింగపూరు వచ్చి, ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో వాళ్ల తప్పులన్నీ పడుతున్నానన్న గర్వం నడినెత్తిన ఉండేది. హౌగాంగ్‌లో సింహాచలం అంకుల్ వాళ్ల ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అంకుల్ తాతగారు విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చిన మనిషి. అంకుల్ మాత్రం కుర్రతనంలో షిప్‌యార్డు ట్రైనింగుకని ఇంగ్లాండు వెళ్లి, పక్క పల్లెలో పాలు కొనబోయి, పాలమ్మే అమ్మాయినే పెళ్లాడి తెచ్చుకున్నారు. ఆవిడే డొరొతీ ఆంటీ.

మొదటి రోజు తలుపు తీసిన తెల్లటి మనిషిని చూసి నేను ఇంగ్లీషులో పలకరింపు వెతుక్కుంటూ ఉంటే, ఆవిడ, "ఏటమ్మా, అలా గుమ్మంలో నిలబడిపోనావు? లోపలికి రా. తిన్నావా?" అంది. సూట్‌కేసు నా కాలి మీద పడింది. అత్తగారి దగ్గర నేర్చుకున్న తెలుగట. ఇంగ్లీషు ముక్కు నుంచి విజయనగరం మాట వస్తుంటే వారం రోజుల పాటు నాకు ఆ నోటికేసి చూడటమే పనైపోయింది.

ఆ ఇంట్లో ఒక్కటే ముల్లు: అంకుల్ అక్కగారు నరసమ్మ. బుకిట్ బటోక్‌లో ఉండేవారు. ఎనభై దాటినా రెండు రైళ్లు మారి ప్రతి ఆదివారం వచ్చి, మరదలి సాంబారులో ఉప్పు చూసి వెళ్లేవారు. ఒకసారి ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పూజారిగారు సంకల్పం చెబుతూ, ఏదో మాటవరసకి, "అమ్మగారి పుట్టింటి వారు?" అని అడిగారు.

నరసమ్మగారు వెంటనే అందుకున్నారు. "దానికి అటేపు ఏటీ లేదు సామీ. గోత్రం లేదు, తాతముత్తాతలు లేరు. సుమ్మా, ఊరికే, మా వోడు ఎంటబెట్టుకొచ్చినాడు."

అందరూ నవ్వారు. ఆంటీ కూడా నవ్వింది. నవ్వి, "పాలు పొంగిపోతన్నాయి" అంటూ వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ మీద పాలు లేవు. ఆ సంగతి నేను ఒక్కదాన్నే చూశాను.

అక్కడే నాలోని సంఘసంస్కర్త నిద్ర లేచింది. డొరొతీ ఆంటీ వంశవృక్షం నేను వెతికి తీస్తాను! పుట్టినరోజున నరసమ్మగారి ముందు విప్పి పరుస్తాను! ఆంటీకి చెప్పకుండా చేస్తాను, ఆశ్చర్యపోవాలి కదా!

ఆశ్చర్యం సంగతికి వస్తున్నాను, కాస్త ఆగండి.

నా దగ్గరున్న ఆధారాలు మూడు. ఆంటీ పూరీల పిండి కలుపుతూ ఒకసారి చెప్పిన మాటలు. వాళ్ల నాయనమ్మ పేరు ఈడిత్. ఇంటిపేరు హార్కూమ్. పొలం పేరు హాలో ఫామ్. "మా నాయనమ్మే పెంచింది నన్ను. అంతకు ముందు ఎవులున్నారో నాకు తెలీదు. కాగితాలేవీ లేవు" అంది.

ఆ మూడు మాటలూ కంప్యూటర్లో కొట్టాను. వారం రోజులు వేరే ఎవరెవరో ఈడిత్‌లు దొరికారు. ఒకావిడ పళ్ల డాక్టరు. ఎనిమిదో రోజు, ఏదో పాత పుస్తకాన్ని ఎవరో పేజీ పేజీ ఫోటో తీసి పెట్టిన చోట, నూట నలభయ్యో పేజీలో దొరికింది. హాలో ఫామ్! హార్కూమ్! "ఈడిత్ ది ఫోర్త్!"

నాలుగో ఈడిత్! రాజులకు కదండీ అలా నంబర్లుంటాయి? నాకు చెమటలు పట్టాయి. కింద చూస్తే తండ్రి వైపు "సైర్" అని రాసి, "రెండవ డ్యూక్" అని ఉంది. డ్యూక్! తల్లి పేరు ముందు "డామ్" అని ఉంది. మేడమ్‌లోనూ అదే ముక్క ఉంది కదా, గొప్పింటి ఆడవాళ్ల బిరుదు కాబోలనుకున్నాను. ఆ తల్లికి తల్లి, ఆవిడకు తల్లి, ఇలా ఏడు తరాలు వరసగా అచ్చేసి ఉన్నాయి. ఒక తరంలో ప్రిన్స్ ఉన్నాడు. ఇంకొక తరంలో లార్డ్ ఉన్నాడు. మా ఆంటీ పాలమ్మిన రాకుమారి!

కొన్ని మాటలు అర్థం కాలేదని ఒప్పుకుంటాను. "బ్రీడర్: థామస్ హార్కూమ్" అని ఉంది. బ్రీడర్ అంటే పెంచినవాడు. అంటే ఈడిత్‌గారిని ఈ థామస్ దత్తత తీసుకుని ఉంటాడు. పాపం, డ్యూక్ కూతురు రైతు ఇంట్లో పెరిగింది! దీని వెనక ఎంత కథ ఉందో అనుకుని కళ్లు తుడుచుకున్నాను. పుట్టిన తేదీలో పాత అచ్చు చెదిరిపోయి సంవత్సరం కనిపించలేదు; పక్కన ఒక మాట "కాల్డ్" లాగా కనిపించింది. పిలిచారు, అంటే పేరు పెట్టారు, అంటే బారసాల. అంత తేలిగ్గా నడిచింది నా పరిశోధన. పుస్తకం అట్ట చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. నేను నూట నలభయ్యో పేజీలో దూకాను, అక్కడే ఈదాను, అక్కడే మునిగాను.

పుట్టినరోజు నాడు మా ఫ్లాట్ల బ్లాకు కింద ఖాళీ జాగాలో బల్లలు వేశారు. పులిహోర, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం, కరీపఫ్‌లు ఒకే వరసలో పెట్టారు. ఆంటీ నేత చీర కట్టుకుని కూర్చుంది. పక్కన నరసమ్మగారు కరీపఫ్‌ని అనుమానంగా విప్పి చూస్తున్నారు. నేను మైకు తీసుకున్నాను. ఆంటీ మనవరాలు లీల, పద్నాలుగేళ్ల పిల్ల, కాగితం చుట్టకు రెండో కొస పట్టుకుంది. ఎనిమిది అడుగులు. అంచులకు బంగారు రంగు కూడా వేశాను.

"మన డొరొతీ ఆంటీకి తాతముత్తాతలు లేరని కొందరు అనుకుంటున్నారు" అని నరసమ్మగారి వైపు చూడకుండా చూశాను. "ఆంటీ నాయనమ్మ ఈడిత్‌గారి ఏడు తరాలు ఇవిగో!"

చప్పట్లు. ఆంటీ నోరు తెరిచింది.

"ఈవిడ తండ్రిగారు రెండవ డ్యూక్!"

"డ్యూకా?" అన్నారు అంకుల్. "మీ ఇంటికి వస్తే కప్పు మీద రేకులు కూడా సరిగ్గా లేవు కదే!"

ఆంటీ కాగితం మీద ముందుకు వంగింది.

"వీరు జిల్లా స్థాయి పోటీల్లో మొదటి బహుమతి అందుకున్నారు. న్యాయనిర్ణేతలు ఏం రాశారో వినండి. నిటారైన వీపు, చక్కని నడక, శాంతమైన చూపు."

నరసమ్మగారు కరీపఫ్ కింద పెట్టారు. "లచ్చనమైన పిల్లే" అన్నారు ఒప్పుకోలుగా. "ఒంటి రంగేటి?"

"ఎరుపు, తెలుపు అని రాశారండీ."

"ఎండలో పనిచేస్తే అంతే మరి, ఆల్లు ఎర్రగా కమిలిపోతారు."

ఆంటీ భుజాలు కదులుతున్నాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యో, ఆనందబాష్పాలు అనుకుని నేను గొంతు ఇంకాస్త గద్గదం చేశాను. "ఈ మహాతల్లి ఒక్క ఏడాదిలో వెయ్యి గ్యాలన్ల పాలు..." ఇక్కడ కొంచెం ఆగాను, ఎందుకంటే పాలు పితికారనో, అమ్మారనో అక్కడ రాసి లేదు. ఊరికే పాలు అని ఉంది. "...పాలు సమాజానికి అందించారు! చివరగా, ఇతర విషయాలు: అద్భుతం!"

"నాట్ అదర్ లా, అక్కా" అంది లీల, ప్రతి మాటకీ "లా" తగిలించే సింగపూరు ఇంగ్లీషులో. అసలు పేజీ ఫోటో కాగితం చివర్లో అంటించాను, దాన్ని చూస్తోంది. "యు, డి, డి, ఇ, ఆర్. అడ్డర్."

"అడ్డర్ అంటే?"

"ఐ డోంట్ నో లా." ఫోన్ తీసి వెతికింది. వెతికి నా వైపు జాలిగా చూసింది. ఇంతింత కళ్లతో ఫోన్ స్క్రీను నాకు చూపించింది. ఆవు పొదుగు బొమ్మ.

"పుస్తకం ఫస్ట్ పేజీ చూశావా, అక్కా?" ఆ పిల్లే ఫోన్‌లో పుస్తకం తెరిచి వెనక్కి, వెనక్కి తిప్పింది. అట్ట వచ్చింది. అట్ట మీద నిండుగా, నిటారైన వీపుతో, శాంతమైన చూపుతో ఒక ఆవు నిలబడి ఉంది. మేలుజాతి పశువుల వంశావళి పుస్తకమట. సైర్ అంటే ఆబోతు. డామ్ అంటే తల్లి ఆవు. నేను బారసాల అనుకున్న మాట "కాల్వ్‌డ్", అంటే ఈనిన రోజు.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. అందులోంచి "అమ్మో" అని వినిపించింది. అది నా గొంతే.

దాక్కోవడానికి మెట్రో రైలు సొరంగం ఎంత దూరంలో ఉందో మనసులో కొలుచుకుంటుండగా, ఆంటీ కొంగు తీసేసి నవ్వింది. మామూలు నవ్వు కాదు. కుర్చీతో సహా వెనక్కి ఒరిగిపోతే అంకుల్ పట్టుకున్నారు.

"ఈడిత్ ది ఫోర్త్!" అంది ఎగశ్వాసతో. "నాకు తెలుసు దాన్ని! సిన్నప్పుడు దాని పాలే తాగినాను! ఒకసారి తన్నింది కూడాను!"

"ఆంటీ, క్షమించండి, మీ నాయనమ్మగారిని..."

"ఆ ఆవుకి మా నాయనమ్మ పేరే ఎట్టినాడమ్మా మా నాన్న. థామస్ మా నాన్నే." కళ్లు తుడుచుకుంది. "ఏటనుకున్నావు? తాత సిన్నవయసులోనే పోనాడు. నాయనమ్మే అరక పట్టింది, పాలు పితికింది, వెన్న బుట్ట నెత్తినెట్టుకుని సంతకి నడిసెల్లింది. నలుగురు పిల్లల్ని పెంచింది. మా నాన్నకి పద్యాలు రావు, పొగడ్డం రాదు. మందలో అన్నిటికన్నా మంచి ఆవుకి ఎప్పుడూ తల్లి పేరే ఎట్టుకునేవోడు, ఇది నాలుగోది. నాయనమ్మ ఎంత మురిసిపోనాదో! పుస్తకంలో పేరు అచ్చయిందని సూపిస్తే వేలితో తడిమింది. సదవడం రాదు. సంతకానికి ఇంటూ మార్కు ఎట్టేది."

 నరసమ్మగారు నెమ్మదిగా, "మాయమ్మదీ వేలిముద్రే" అన్నారు. "తోటలో తెల్లారకుండా రబ్బరు పాలు తీసేది. ఈ పాలు కాదులే, ఆ పాలు." తర్వాత లేచి, కాగితం దగ్గరికి వచ్చి, ఈడిత్ ది ఫోర్త్‌కి రెండు చేతులూ జోడించారు. మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఏటలా సూస్తారు? గోమాత! అదీ ఏడు తరాలతో! మన గోత్రానికి కాగితం సూపించమంటే ఎవుడు సూపిస్తాడు ఇక్కడ?" అని తమ్ముణ్ణి గద్దించారు. "గోత్రమంటేనే ఆవుల కొట్టమని పూజారే సెప్పినాడు. దీనికన్నా పెద్ద గోత్రం ఏ ఇంట్లో ఉందిరా!"

ఆంటీ ఆవిణ్ణి కౌగిలించుకుంది. యాభై ఏళ్ల కాపురంలో అదే మొదటిసారట. నరసమ్మగారు, "అలమాక్, అయ్యో, సీర నలిగిపోద్ది" అంటూనే ఉన్నారు గానీ వదిలించుకోలేదు.

సరిగ్గా ఆ పవిత్ర సమయంలో లీల అడిగింది. "దెన్ ఆఫ్టర్ దట్ ద కౌ హౌ? దే ఈట్ ఆహ్?"

పులిహోర తింటున్న చేతులన్నీ గాలిలో ఆగిపోయాయి. నరసమ్మగారు ఆంటీ కౌగిట్లోంచే తల తిప్పి చూశారు. ఆంటీ గుటక వేసింది.

"ముసలిదైపోయి, నిద్దట్లో, ప్రశాంతంగా పోనాది" అంది. అని నా వైపు తిరిగి, మిగతావాళ్లకు కనిపించని వైపు కన్ను మెల్లగా కొట్టింది.

వెళ్లేటప్పుడు నరసమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "పాసిర్ రిస్‌లో మంచి సంబంధం ఉందే నీకు. అబ్బాయి ఇంజినీరు. వాళ్ల వంశం సంగతి మాత్రం నువ్వు ఎతక్కు, నానే సూస్తాను. ఆల్లింట్లో అందరికీ కాళ్లు రెండేనని ఇప్పటికి లెక్కెట్టుకుని వచ్చినాను."

కాబట్టి పాఠక మహాశయులారా, అన్నం మీద ఒట్టేసి, ల్యాప్‌టాప్ మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. కథంతా తెలిసిన మనిషి పక్క గదిలో పూరీలు ఒత్తుతూ కూర్చుని ఉండగా, ఆవిడ చరిత్ర కోసం నేను ఇంకెప్పుడూ కంప్యూటర్ తెరవను. లేచి వంటింట్లోకి వెళ్లి, అప్పడాల కర్ర అందుకుని, "ఆంటీ, మీ నాయనమ్మ ఎలా ఉండేవారు?" అని అడుగుతాను. పూరీలు కూడా దొరుకుతాయి.