హమామత్సులో ఆగని బండి

మా ఆయనకు ప్యాసింజర్ బండి అంటే చిన్నప్పటి నుంచీ చిన్నచూపు. పనీపాటా లేనివాళ్ళు ఎక్కే బండి అది అనేవారు. తెనాలి నుంచి విజయవాడ వెళ్ళాలన్నా మెయిల్ కోసమే కాచుక్కూర్చునేవారట, కళ్ళముందే ప్యాసింజర్ ఖాళీగా వెళ్ళిపోయినా సరే. అమెరికాలో శాంటా క్లారా వచ్చినా ఆ బుద్ధి పోలేదు. ఫ్రీవే మీద ఎప్పుడు చూసినా ఎడమ చివరి లేన్‌లోనే, అంటే అన్నిటికంటే వేగంగా పోయేదాంట్లోనే ఉండేవారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా జీవితంలో ఒకే ఒక్క కబురు ఒక మనిషికి ఇంకో మనిషి చేత ఎదురుగా చెప్పించాలనిపించింది. ఏం చేస్తాం, పంపడానికి నాకు దొరికింది ఈయనే.

నేను వచ్చింది డెబ్భైల చివర్లో. రెండంతస్తుల అపార్ట్‌మెంట్, మాది పై వాటా. వెనక బాల్కనీ కింద కొన్ని ఆప్రికాట్ చెట్లు, వాటి వెనక రైలు పట్టాలు. శాన్ హోసే నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళే ఉద్యోగస్తుల బండి ఆ పట్టాల మీదే నడిచేది. మా ఆయన పొద్దున్నే చిప్ కంపెనీకి వెళితే దీపాలు పెట్టే వేళకు వచ్చేవారు. నాకు డ్రైవింగ్ రాదు. కారు నడపడం రానివాళ్ళకు అక్కడ కాళ్ళున్నా లేనట్టే. తెలిసిన తెలుగువాళ్ళు ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళు, శనివారం పాట్‌లక్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే విందులో కలిసేవాళ్ళం. మిగతా వారమంతా మనిషి గొంతు కోసం టీవీ పెట్టుకునేదాన్ని. అన్నం ఉడికిందా అని నన్ను నేనే పైకి అడిగి, ఉడికింది అని నేనే జవాబు చెప్పుకున్న రోజులున్నాయి. పిచ్చెక్కుతోందేమోనని భయం కూడా వేసింది.

మధ్యాహ్నం బండి చప్పుడు వినగానే బాల్కనీలోకి పరిగెత్తేదాన్ని. కిటికీల్లో మనుషులు కనిపిస్తారని, అంతే. ఒకరోజు పక్క బాల్కనీలో ఇంకొకావిడ కూడా అలాగే కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. బండి పోయాక ఇద్దరం మొహమొహాలు చూసుకుని నవ్వేశాం. ఆవిడ భర్తను జపాన్‌లోని కంపెనీ కొన్నేళ్ళ కోసం ఇక్కడికి పంపించింది. నాకంటే పదేళ్ళు పెద్దది, పిల్లలు లేరు, కారూ రాదు. ఆ మర్నాడు ఇడ్లీ, ఆవకాయ పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవకాయ తగిలి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే ఇంకొంచెం పెట్టమని గిన్నె చాపింది. అప్పటి నుంచీ ఆవిడను అక్కా అనే పిలిచాను. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపి పోగేస్తే గుప్పెడు. మూగా చెవిటీ ముచ్చట్లు అనుకోండి, కానీ రోజూ సాగేవి.

పెళ్ళికి ముందు అక్క టోక్యో నుంచి ఒసాకా వెళ్ళే పెద్ద లైన్‌లో, రైల్లో టీలు, భోజనం పెట్టెలు తోపుడుబండి మీద అమ్మేది. ఆ సంగతి మాటల్లో చెప్పలేక మా బట్టలు ఉతికే గది నుంచి చక్రాల బుట్ట తెచ్చి హాల్లో నడిపి చూపించింది. రైలు ఊపుకు కాళ్ళు ఎలా ఎడంగా పెట్టాలో, బోగీ చివరికి వెళ్ళాక వెనక్కి తిరిగి అందరికీ వంగి ఎలా నమస్కారం చేయాలో, అందరూ నిద్రపోతున్నా సరే ఎలా చేసి తీరాలో అన్నీ చూపించింది. నేను సోఫాలో నిద్రపోతున్న ప్రయాణికుడిని.

ఆ లైన్‌లో రెండు రకాల బళ్ళు నడిచేవట. హికారి మెయిల్ లాంటిది. టోక్యో, నగోయా, క్యోటో, ఒసాకా. అక్క నాలుగు వేళ్ళు మడిచి, అయిపోయింది అన్నట్టు చేతులు దులుపుకునేది. కొదామా అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది, పక్కకు తప్పుకుని హికారిని ముందు పోనిచ్చి, తర్వాత తను కదులుతుంది. అక్కకు కొదామా అంటేనే ఇష్టం. హికారిలో అందరూ సూట్లు వేసుకుని నిద్రపోతారు, కొదామాలో జనం ఎక్కుతారు, దిగుతారు, టీ కొంటారు, కబుర్లు చెబుతారు. అక్క సొంత ఊరు హమామత్సు. అక్కడ కొదామా ఆగుతుంది. అక్కడి పెద్ద సరస్సు పేరు చెప్పి పాములాంటి చేపను అన్నం మీద పరిచి తింటామని చూపిస్తే నేను పెట్టిన మొహానికి పడీ పడీ నవ్వింది.

ఆ మరుసటి ఏడాది నాకు అయిదో నెల. ఒక మధ్యాహ్నం నడుము దగ్గర మొదలైన నొప్పి కాసేపటికే నన్ను బాత్రూం నేల మీద పడేసింది. గోడ మీద కొట్టాను. అక్క పరిగెత్తుకొచ్చింది, చూసింది, కిందకు దిగి అపార్ట్‌మెంట్ మేనేజర్ చేత అంబులెన్స్‌కు ఫోన్ చేయించి మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. నా తల ఒళ్ళో పెట్టుకుని ఆ నేల మీదే కూర్చుంది. ఓదార్చడానికి మాటలు లేవు. ఏమనుకుందో ఏమో, కొదామా స్టేషన్లు చెప్పడం మొదలుపెట్టింది. టోక్యో, షిన్ యోకోహామా, ఒడవారా, అతామి, మిషిమా... ఒక్కో పేరుకు ఒక్కో ఊపిరి తీయమన్నట్టు నా గుండె మీద చెయ్యి వేసి ఆగేది. షిజువోకా, హమామత్సు, టొయొహాషి, నగోయా... ఒసాకా దాకా వెళ్ళి మళ్ళీ టోక్యో నుంచి మొదలుపెట్టేది. అంబులెన్స్ వచ్చింది గాని అప్పటికే అంతా అయిపోయింది. ఆ చివరి క్షణంలో నా దగ్గరున్నది, చూసింది అక్క ఒక్కతే.

ఫ్రీమాంట్ నుంచి ఆడవాళ్ళు పప్పూ కూరా వండుకుని వచ్చారు. మంచివాళ్ళే, కాదనను. చిన్నదానివే కదమ్మా, మళ్ళీ అవుతుందిలే అన్నారు. అరిచి బయటకు పొమ్మనాలనిపించింది. అక్క మాత్రం రోజూ వచ్చి నా బట్టలు మడతపెట్టి, పక్కన కూర్చుని, పొద్దు వాలాక లేచి వెళ్ళేది. ఒక్క మాటా అనేది కాదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే వాళ్ళాయనను కంపెనీ వెనక్కి పిలిచింది. కార్ ఎక్కబోతూ అక్క నా పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఒక క్షణం అలాగే ఉంచి తీసేసింది. పక్క వాటాలోకి కాలేజీ కుర్రాళ్ళు దిగారు. ఆప్రికాట్ చెట్లు కొట్టేసి ఆఫీసు కట్టారు, ఇక బాల్కనీలోంచి బండి కనిపించలేదు, చప్పుడే వినిపించేది. చప్పుడు వినపడగానే అలవాటుగా లేచి, మళ్ళీ కూర్చునేదాన్ని. ఒంటరితనం కొత్తగా వస్తే భరించవచ్చు. ఒకసారి తోడు దొరికి పోయాక వచ్చేదే మనిషిని తినేస్తుంది.

ఏటా కొత్త సంవత్సరానికి అక్క దగ్గర నుంచి బొమ్మ కార్డు వచ్చేది, నేనూ ఒకటి పంపేదాన్ని. మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పలేదు. నోరు జారితే బిడ్డ జారిపోతుందని భయం. అక్కకూ రాయలేదు. ఆస్పత్రిలో నొప్పులు పడుతూ కొదామా స్టేషన్లు పైకి చెప్పుకున్నాను, నర్సు నేనేదో దేవుడి స్తోత్రం చదువుతున్నాననుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విన్నాక మొదట గుర్తొచ్చిన మనిషి మా అమ్మ కాదు, అక్క.

ఫోటో పోస్టులో వేస్తే పోయేదిగా అంటారు. మనసొప్పలేదండీ. మా వైపు బిడ్డ పుట్టిన కబురు మనిషే వెళ్ళి చెప్పాలి, తీపి చేతిలో పెట్టి మరీ చెప్పాలి. మామూలు బిడ్డకే అంత మర్యాద ఉన్నప్పుడు, ఆ పోయిన బిడ్డను చూసిన మనిషికి ఈ బిడ్డ కబురు పోస్ట్‌మాన్ చేత పంపిస్తానా? పిల్ల పాకే వయసుకు వచ్చేసరికి మా ఆయనకు ఒసాకాలో మీటింగ్ పడింది. టోక్యోలో దిగి రైల్లో వెళ్ళాలి, అక్క కాపురం దారిలోనే, హమామత్సులో. ఎగిరి గంతేశాను. ఆయన వస్తున్నారని మాత్రం అక్కకు రాశాను. ఏ రోజు ఏ కొదామా ఎక్కాలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, ప్లాట్‌ఫాం మీద ఉంటానని జవాబు పంపింది. నేను సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టి, మూత మీద పిల్ల ఫోటో అంటించాను. కొదామా ఎక్కండి, హికారి కాదు, అది అక్కడ ఆగదు అని సూట్‌కేస్ సర్దుతూ చెప్పాను, ఎయిర్‌పోర్ట్‌కి వెళుతూ చెప్పాను. నాకు తెలీదా అన్నారు.

ఆయన తిరిగొచ్చింది ఆదివారం మధ్యాహ్నం. సూట్‌కేస్ తెరవగానే పైనే డబ్బా, దాని మీద నా కూతురు నవ్వుతూ. లోపల రెండు సున్నుండలు తక్కువ.

నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టారు. బండి కాదట అది, బాణమట. గ్లాసులో నీళ్ళు తొణకలేదట. కిటికీలోంచి ఫూజీ కొండ మొత్తం కనిపించిందట. టోక్యోలో తెల్లటి బండి సిద్ధంగా నిలబడి ఉంటే, వెనకెప్పుడో వచ్చే ప్యాసింజర్ కోసం కూర్చోవడం ఎందుకని ఇదే ఎక్కారట. టికెట్ ఒసాకాకు ఎలాగూ ఉంది, మధ్యలో దిగి డబ్బా ఇచ్చేసి తర్వాతి బండి పట్టుకోవచ్చని లెక్క. మన దగ్గర బ్రేక్ జర్నీ చేసినట్టు. నిమ్మకు నీరెత్తినట్టు చెబుతున్నారు.

"అంత పెద్ద ఊళ్ళో మెయిల్ ఆగదని ఎవరనుకుంటారే? డబ్బా పట్టుకుని డోర్ దగ్గర నిలబడ్డాను కూడా. స్లో కూడా చేయలేదు వాడు."

నగోయాలో దిగి వెనక్కి వెళితే మీటింగ్‌కి లేట్ అయ్యేదట. తర్వాత ఫోన్ చేద్దామనుకుని పనిలో పడ్డారట.

"అక్క ఉందా అక్కడ?" అన్నాను.

ఆయన కొంచెం ఆలోచించారు. రెప్పపాటులో ప్లాట్‌ఫాం వెళ్ళిపోయిందనీ, మనుషులు గీతల్లా కనిపించారనీ, ఒకావిడ మాత్రం అంచు దగ్గర నిలబడి ఉన్నట్టు అనిపించిందనీ చెప్పారు.

"మా బండి వైపు చూడలేదు. వెనకాల వచ్చేదాని కోసం చూస్తోంది."

నేను అరుస్తాననుకున్నారు పాపం, ఒక అడుగు వెనక్కి వేశారు. అరవలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. వెనక బండి వచ్చి ఉంటుంది, తలుపులు తెరుచుకుని ఉంటాయి, దిగిన ప్రతి మగవాడి మొహంలోకీ అక్క వెతికి ఉంటుంది. ఆ తర్వాతి బండిలో, ఆ పై బండిలో కూడా. అక్క అంతే, లేచి వెళ్ళిపోయే మనిషి కాదు.

సాయంత్రం కార్డు మీదున్న నంబర్ చూసి ఫోన్ తిప్పాను. అక్కడ అప్పుడు మర్నాటి ఉదయం. అక్కతో ఎప్పుడూ ఫోన్‌లో మాట్లాడలేదు, పక్కపక్కన కూర్చునేవాళ్ళకు ఫోనెందుకు? గొంతు వినగానే నా పేరు చెప్పాను. అంతే, అక్క క్షమాపణలు మొదలుపెట్టింది.

"సారీ. సారీ. ఐ లుక్, లుక్. నాట్ ఫైండ్. సారీ."

ఆయన దిగారనీ, తనే గుర్తుపట్టలేకపోయిందనీ అనుకుంటోంది. నా ప్రాణం చివుక్కుమంది. కాదక్కా, హికారి ఎక్కారు, హికారి అన్నాను. అటువైపు అక్క చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపు చెప్పేయాలని, నాకున్న ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను.

"అక్కా, బేబీ. మై బేబీ. గర్ల్."

నవ్వు ఆగిపోయింది. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"అలైవ్?" అంది అక్క. బతికే ఉందా అని.

ఫ్రీమాంట్‌లో అందరూ ఎంత బరువు పుట్టింది, ఎవరి పోలిక, ఏం పేరు పెట్టారని అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పుట్టిన దగ్గర నుంచీ రోజూ రాత్రి ఉయ్యాల మీదకు వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి, నేను అడుగుతున్నది ఇదొక్కటే.

పిల్ల నా కాలు పట్టుకుని లేచి నిలబడడానికి తంటాలు పడుతోంది. ఎస్ అక్కా అన్నాను. అలైవ్.

అక్కడితో మా ఇద్దరికీ ఇంగ్లీషు అయిపోయింది. ఫోన్ మాత్రం ఎవరమూ పెట్టేయలేదు.