ఆమెన్‌కు ముందు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక మధ్యాహ్నం, రాస్తారోకో వల్ల మా బస్సు గచ్చిబౌలి దగ్గర ఆగిపోయింది. పక్కసీట్లోని పెద్దావిడ టిఫిన్ డబ్బా తెరిచి, నాకో రొట్టె ఇచ్చి, కళ్లు మూసుకుంది. చాలాసేపు పెదవి కదపలేదు. చివరికి "ఆమెన్" అంది.

"మనసులోనే ప్రార్థన చేసుకున్నారా అండీ?" అన్నాను.

"లేదమ్మా. మా ఇంట్ల అన్నం ముందట చిన్నోళ్లే ప్రార్థన చెప్తరు, పెద్దోళ్లం ఆమెన్ అంటం. మా ఆయన పాస్టరు. ఆఫ్రికాల సేవ చేసినం. ఆడనే జరమొచ్చి మా బిడ్డ చిన్నగున్నప్పుడే పోయింది. ఆ మట్టిలనే పెట్టి వచ్చినం."

బయట నినాదాలు జోరందుకున్నాయి.

"దాని ప్రార్థన జర పొడుగు," అంది నవ్వబోయి. "అయ్యేదాంక ఆగుత."

ఇప్పటికీ నా ఎదుట ఎవరైనా అన్నం ముందు కళ్లు మూసుకుంటే, తెరిచేదాకా నేను ముద్ద ఎత్తను.