వెల్కా పెరట్లో నా పేరున్న పువ్వు

వెల్కా పెరట్లో ఏ పువ్వుకూ దాని సొంత పేరుండదు. ఇచ్చినవాళ్ళ పేరే దాని పేరు. "ఎదురింటి నేడాని కాస్త పక్కకి జరపాలి," "పూజారి పెళ్ళానికి నీళ్ళు చాల్లేదు," అంటూ పొద్దున్నే తనలో తను గొణుక్కుంటూ తిరుగుతుంది. కొత్తవాళ్ళు వింటే పిచ్చిదనుకుంటారు. త్రోయాన్ ఊరికెళ్ళే దారిలో ఉన్న క్యానింగ్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాల్చిన మిరపకాయల తొక్కలు ఒలిచింది. వేలిముద్రలు కూడా అరిగిపోయాయి. భర్త స్టోయ్‌కో పోయాక ఆ చేతులకు మట్టే దిక్కయింది.

ఆ పెరట్లో నా పేరుతో కూడా ఒక పువ్వుంది. 'దోన్కక్క' అంటుంది దాన్ని. తలచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

మా వీధిలో ఐరిస్ పూలమొక్కలు ఆగస్టులో పంచుకుంటాం. దుంపలు తవ్వి, ఆకులు జానెడు ఉంచి కోసి, గోడ మీంచి అందించుకుంటాం. పుచ్చుకున్నవాళ్ళు థాంక్స్ మాత్రం చెప్పకూడదు. చెబితే మొక్క నాటుకోదు. నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోవడమే మర్యాద.

నా దగ్గర ఒక నల్ల ఐరిస్ ఉండేది. నలుపంటే నలుపే, రేకు మీద రాగి రంగు నూగు. మే నెలలో వీధి వీధంతా నా కంచె దగ్గర ఆగేది. నాకు అదో పొగరు.

"అక్కా, ఈసారి ఆ నల్లదాన్లో ఓ ముక్క ఇవ్వవూ?" అనడిగింది వెల్కా.

"దానికేం భాగ్యం, రేపు రా," అన్నాను. నోటిదేం పోయింది, అంటుంది. మర్నాడు పార పట్టుకున్నాక చెయ్యి రాలేదు. పక్కనే, ప్రతి పెరట్లోనూ కలుపులా పెరిగే ఊదా ఐరిస్ ఉంది. కోసేశాక దుంపలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా. ఊదాదాన్ని తవ్వి, పాత పేపర్లో చుట్టి ఇచ్చాను. వెల్కా ఆచారం తప్పకుండా ఒక్క మాటా అనక, పొట్లాన్ని గుండెకు హత్తుకుని వెళ్ళింది.

సెప్టెంబరు రాగానే వాళ్ళమ్మ నాటిన తెల్ల పియోనీ పూలమొక్కని రెండుగా చీల్చి సగం నాకు తెచ్చింది. పియోనీని కదిపితే అలిగి రెండు మూడేళ్ళు పూయదు. అది తెలిసీ తెచ్చింది. తేలు కుట్టిన దొంగలా పుచ్చుకున్నాను.

ఐరిస్ దుంప వీపుకి ఎండ తగలాలి. వెల్కా ప్రేమకొద్దీ దాన్ని లోతుగా పాతేసింది. నేను చూశాను, చెప్పలేదు. పూయకపోతే నాకే మంచిదనుకున్నాను. రెండేళ్ళు పూయలేదు. "నా చెయ్యి మంచిది కాదక్కా," అని దిగులుపడేది. చివరికి తనే మట్టి తీసి సరిచేసుకుంది.

మూడో మే నెలలో, సెయింట్ జార్జి పండగ వెళ్ళిన వారానికి, "అక్కా, ఒకసారి రా!" అని గోడ మీంచి కేకేసింది. వెళ్ళాను. ఊదా పువ్వు. ఊళ్ళో మేకలు కూడా పట్టించుకోని ఊదా పువ్వు. ఇప్పుడు నన్ను కడిగేస్తుందనుకున్నాను.

"నన్ను క్షమించక్కా," అంది వెల్కా కళ్ళనీళ్ళతో. "బంగారంలాంటిదాన్ని ఇచ్చావు. నా పాడు మట్టిలో పడి ఎలా వెలిసిపోయిందో చూడు."

"పోనీలేవే," అన్నాను. అంత నీచంగా, పెద్దమనసున్నదానిలా అన్నాను.

ఆ వేసవి వానలకి నా నల్లది కుళ్ళిపోయింది. మూడు నాలుగేళ్ళకోసారి విడదీసి పంచకపోతే ఐరిస్ తనలో తనే ఇరుక్కుని చస్తుంది. ఎవరైనా ముక్క అడుగుతారని ఏడేళ్ళు నేను దాని జోలికే పోలేదు. పార పెడితే కంపు కొట్టే గుజ్జు వచ్చింది. వెల్కాకి ఇచ్చి ఉంటే గోడ అవతల బతికి ఉండేది. నాకూ ఓ ముక్క తిరిగొచ్చేది. చేసుకున్నవారికి చేసుకున్నంత.

ఆగస్టులో వెల్కా పేపరు పొట్లంతో వచ్చింది. "నీది పోయిందటగా అక్కా. ఇదిగో, ఇదీ నీదే. నీ మట్టిలో పడితే మళ్ళీ నల్లబడుతుందేమో."

ఇక నావల్ల కాలేదు. "ఒసే వెల్కా, అది నల్లది కాదే. నీకు ఊదాదే ఇచ్చాను. కావాలనే ఇచ్చాను."

నా మొహంలోకి చూసి పకపకా నవ్వింది. "చాల్లే అక్కా! నేను బాధపడుతున్నానని తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావా? నువ్వు అలాంటి పని చేస్తావంటే ఈ వీధిలో కుక్క కూడా నమ్మదు."

"నిజమేనే, ఒట్టు!"

"పువ్వు కోసం ఒట్లు కూడానా? పట్టుకో, చెయ్యి లాగుతోంది."

పొట్లం నా చేతిలో పెట్టింది. దాన్ని రోజూ కళ్ళెదుట పెట్టుకుని బతకలేననిపించింది. అందుకే వీధంతా వినబడేలా, "థాంక్స్ వెల్కా!" అన్నాను.

"అయ్యయ్యో, అదేం మాటక్కా! ఇంక నాటుకుంటుందా అది!" అని నోరు నొక్కుకుంది.

నాటుకుంది. ఈ మే నెలలో మూడు కాడలు వేసింది, తెల్ల పియోనీ పక్కనే. వెల్కా రోజూ కంచె దగ్గర ఆగి చూస్తుంది. "ఇంకా ఊదాగానే ఉందేం? దిగులుపడకక్కా, వచ్చే ఏటికి నల్లబడుతుందిలే," అని నన్నే ఓదారుస్తుంది.