ట్రైలర్‌లో నా సగం మాట

అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండగా నేను ఒక చిన్న కంపెనీలో కార్ల బ్యాటరీలు టెస్ట్ చేసేదాన్ని. ఎలక్ట్రిక్ కార్లు అప్పుడప్పుడే మళ్లీ షోరూముల్లోకి వస్తున్న రోజులవి. బ్యాటరీని వేడి చేయడం, గడ్డకట్టించడం, కుదపడం, ఎక్కడ చతికిలబడుతుందో రాసిపెట్టడం, ఇదీ నా పని. నాది ఎచ్-వన్, ఉద్యోగం చేసుకునే వీసా. మా ఆయన నాకంటే మంచి ఇంజనీరు, కానీ భర్తగా వచ్చే ఎచ్-ఫోర్ వీసా మీద ఉన్నాడు కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇద్దరి గ్రీన్ కార్డూ ఆ కంపెనీ వేసిన అప్లికేషన్ మీదే ఆధారపడి ఉంది.

ఒక వేసవిలో డాక్యుమెంటరీలు తీసే ఒకావిడ కెమెరామన్‌ని వెంటబెట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చింది. ఫ్రీ పబ్లిసిటీ కదా అని మా మేనేజర్ సంబరంగా ఒప్పుకున్నాడు. సౌండ్ కోసం ఫ్యాన్లన్నీ ఆపించారు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆవిడ సూటిగా అడిగింది. "ఇది నిజంగా క్లీనేనా?"

"లేదు, ఇది క్లీన్ కాదు," అన్నాను. "ఏదీ పూర్తిగా క్లీన్ కాదు. దీనికోసం ఎక్కడో గనులు తవ్వాలి. చార్జ్ చేసే కరెంటు బొగ్గు నుంచి వస్తే లాభం తగ్గుతుంది, గాలి నుంచో ఎండ నుంచో వస్తే పెరుగుతుంది. అయినా కారు తిరిగినన్నాళ్లూ కలిపి చూస్తే పెట్రోల్ కంటే ఇదే మేలని నా నమ్మకం. అందుకే ఈ పనిలో ఉన్నాను."

నేను థర్మల్ స్టేషన్ క్వార్టర్స్‌లో పెరిగాననీ, ఆరేసిన బట్టల్ని బూడిద దులిపి గానీ మడతపెట్టేవాళ్లం కాదనీ కూడా చెప్పాను. ఆవిడ కళ్లు మెరిశాయి. వెళ్తూ వెళ్తూ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది.

ఫిబ్రవరిలో ట్రైలర్ ఇంటర్నెట్‌లో పెట్టారు. మా ఆయనే ముందు చూశాడు. నేను ఆఫీస్ నుంచి వచ్చి బూట్ల మంచు దులుపుకుంటుంటే లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తెల్ల కోటులో నేను. "లేదు, ఇది క్లీన్ కాదు." అంతే. వెంటనే పెద్ద గని గొయ్యి, డప్పు మోగినట్టు మ్యూజిక్.

"మిగతాదేదీ?" అన్నాను.

"మిగతాది ఎవరికి కావాలి? ఆ ఒక్క ముక్క ఎందుకన్నావు అసలు?"

"అడిగింది, చెప్పాను."

"మన ఫైల్ ఏ స్టేజ్‌లో ఉందో తెలుసుగా? కంపెనీ వాళ్లు అప్లికేషన్ విత్‌డ్రా చేస్తే మళ్లీ మొదటికి!"

నాకు తెలుసు.

మర్నాడు మేనేజర్ పిలిచాడు. ఇంతకుముందు ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడితే ఇటు వచ్చినవాడు. మంచివాడే. తలుపు వేసి, ఒక కాగితం ముందుకు జరిపాడు. లాయర్ రాశాడట. నా మాటల్ని వక్రీకరించారనీ, మా బ్యాటరీలు పర్యావరణానికి ఏ హానీ చేయవనీ నేను ప్రకటిస్తున్నట్టు ఉంది.

"మొదటి లైను నిజం," అన్నాను. "రెండోది కాదు."

"ఇన్వెస్టర్లు ఫోన్లు చేస్తున్నారు. వచ్చే శుక్రవారంలోగా సంతకం పెట్టు. నీ మంచికే చెబుతున్నా."

ఆ "నీ మంచికే" అన్న మాటలో నాకు మా గ్రీన్ కార్డ్ ఫైలే వినపడింది. కార్‌లో కూర్చుని ఆ సినిమా ఆవిడకి ఫోన్ చేశాను.

"మీరు అనని మాట నేను పెట్టలేదు కదా," అంది.

"అన్నదంతా కూడా పెట్టలేదు."

"ఫిల్మ్ అయిపోయింది. ఇప్పుడు మార్చలేను." మళ్లీ తనే, "వచ్చే ఆదివారం డెట్రాయిట్‌లో మ్యాటినీ వేస్తున్నాం. తర్వాత డిస్కషన్ ఉంటుంది. రండి," అంది.

ఇటు ఈమె నా మాటని సగంలో కోసింది. అటు కంపెనీ ఇంకో సగం కోసి, నేను అననిది అతికించమంటోంది. శుక్రవారం ఆ రెండో లైను పెన్నుతో కొట్టేసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. మేనేజర్ ఆ కొట్టివేత వైపు చాలాసేపు చూశాడు. "లాయర్ దీన్ని ఒప్పుకోడు," అన్నాడు. కాగితం సొరుగులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఆ సంగతి చెబితే మా ఆయన లాప్‌టాప్ మూసి పడుకోవడానికి వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది.

ఆదివారం మాత్రం తనే కార్ తీశాడు. "ఈ మంచులో ఒక్కదానివే డ్రైవ్ చేయొద్దు," అన్నాడు.

హాల్లో బొగ్గు గురించి, గాలిమరల గురించి, గనుల పక్కన బతికేవాళ్ల గురించి చూపించారు. చాలావరకు నిజమే. బాగా తీసింది కూడా. అందుకే భయం వేసింది. నా ముఖం తెర మీదికొచ్చి ఆ ముక్క అనగానే హాల్లో కొందరు నవ్వారు. బట్టల మీద బూడిద సంగతి ఎక్కడా రాలేదు.

తర్వాత మైక్ దగ్గర క్యూలో నిలబడ్డాను. నా ముందున్నాయన ఎలక్ట్రిక్ కార్లన్నీ మోసమని అరిచాడు. సీట్లలోంచి ఇంకొకాయన అతన్ని నోర్మూసుకోమన్నాడు. ఇక చాలు, టైమైపోయిందన్నారు నిర్వాహకులు. అప్పుడు స్టేజి మీదున్న ఆవిడ నన్ను చూసింది. చూడనట్టు ఊరుకోవచ్చు. క్షణం తటపటాయించి, "ఆమెను మాట్లాడనివ్వండి," అంది.

నా యాక్సెంట్ నాకే ఎబ్బెట్టుగా వినపడింది. ఆ రోజు ల్యాబ్‌లో చెప్పిందంతా, మొదటి ముక్కతో సహా, మళ్లీ చెప్పాను. చప్పట్లు లేవు. అరిచినాయన అడిగాడు: "ఇంతకీ నువ్వు ఎటువైపు?"

"బ్యాటరీ వైపే," అన్నాను. "దాని లోపాలు దాచకుండా."

ఆయన పెదవి విరిచాడు. ఆవిడ మైక్ తీసుకుని, "ఆమె చెప్పింది ఇదే. నేను కత్తిరించాను," అంది. సాకులేమీ చెప్పలేదు. నాకు కోపం పూర్తిగా పోలేదు గానీ, తల ఊపి వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నాను.

తిరిగి వస్తూ హైవే మీద మా ఆయన అడిగాడు. "మొత్తానికి మనం అలాంటి కార్ కొనొచ్చా, వద్దా?"

"ఇంకొన్నేళ్లాగుదాం. ఈ చలికి బ్యాటరీ సగం దూరంలోనే చేతులెత్తేస్తుంది."

పక్కున నవ్వాడు. పది రోజుల తర్వాత వినపడిన నవ్వు.

సోమవారం మేనేజర్‌కి సంగతి అప్పటికే తెలిసింది. "ఆ స్టేట్‌మెంట్ ఇక పంపడం లేదు," అన్నాడు, నా వైపు చూడకుండా. నేను అందరి ముందూ మొత్తం చెప్పేశాక ఇక దానితో పనేముంది. మా ఫైల్ జోలికి ఎవరూ పోలేదు. ఆలస్యంగానైనా గ్రీన్ కార్డులు వచ్చాయి. సినిమాలో మాత్రం నా సగం మాట అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ల్యాబ్‌కి ఏ కెమెరా వచ్చినా, టైమ్ పదకొండైనా సరే, నన్ను లంచ్‌కి పంపేసేవారు.