ఉత్త కాళ్ల పరుగు

ఈమధ్య మా కాలనీలో తెల్లవారేసరికి ఆడపిల్లలు పరుగెత్తుతున్నారు. ఎదురు లైనులో కొత్తగా దిగిన గుమస్తా పిల్ల ఒకతె, చెవుల్లో పాటలు పెట్టుకుని, రంగురంగుల బూట్లు తొడుక్కుని, మా గేటు ముందు నుంచే రోజూ పోతుంది. మొన్న మా కోడలు ఫోనులో ఒక వీడియో చూపించింది. అడవి దారుల్లో, గుట్టల మీద ఆడవాళ్లు ఒంటరిగా మైళ్లకు మైళ్లు పరుగెత్తడమట, దానికి ట్రైల్ రన్నింగ్ అని పేరట, చివర్లో మెడలో పతకం కూడా వేస్తారట. చూసి బాగుందన్నాను గానీ, ఆ పూట నాకు మరే పనిమీదా మనసు నిలవలేదు. అలాంటి పరుగు నేనూ ఒకసారి పరుగెత్తాను. ఆ సంగతి మా కోడలికి తెలియదు, నేనూ చెప్పలేదు. ఇంత వయసొచ్చాక మీకు చెప్పుకోవాలనిపిస్తోంది.

బొగ్గు గనిని మా వైపు బాయి అంటాం. ఆ బాయి కాలనీల్లో బతికినవారికి వివరించనక్కరలేదు, మిగతావారి కోసం చెబుతాను. మా రోజుల్లో సెంటినరీ కాలనీలో ఒక ఆడమనిషి పరుగెత్తిందంటే దానికి ఒకటే అర్థం, బాయిలో ఏదో జరిగింది. కప్పు కూలిందో, ఎవరి మీదైనా బండ పడిందో, మొత్తానికి ఒక ఇంటికి కబురొచ్చింది. అప్పుడు పొయ్యి మీద అన్నం పొంగుతున్నా, పిల్లవాడి తలకు సగమే నూనె పెట్టినా, ఎక్కడి పని అక్కడ వదిలేసి లైనంతా ఆమె వెనక పరుగెత్తేది. ఏ బాయి, ఎవరి మనిషి అని అడగడం తర్వాత, ముందు కాళ్లు కదిలేవి. అందుకే మా దగ్గర ఆడవాళ్లు బస్సు పోతున్నా పరుగెత్తేవారు కాదు, నడిచేవారు, పోతే పోయిందనుకునేవారు.

అటువంటి చోట నాకు పరుగు మీద మనసు పడింది. నేను అక్కడే చిన్న బడిలో టీచరును. మా నాన్నదీ బాయి ఉద్యోగమే, చిన్నప్పుడు కంపెనీ ఆటల పోటీలకు నన్ను వెంట తీసుకెళ్లి, పందెంలో గెలిస్తే భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చేవాడు. పెళ్లి, పిల్లలు, బడి, ఆదివారం చర్చి, వీటి మధ్య ఆ పరుగెప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు. నలభైకి దగ్గర పడుతున్నప్పుడు ఒకనాడు మా ఆయనతో మళ్లీ పరుగెత్తాలని ఉందన్నాను. ఆయన బాయిలో పంపు ఆపరేటరు, లోపల ఊరే నీళ్లను పైకి తోడించే పని. "ఈ వయసుల పీటీ సారువైతవా ఏంది" అని నవ్వారు గానీ, గోదావరిఖని బజారుకు పోయినప్పుడు తెల్లటి క్యాన్వాసు బూట్లు తెచ్చి నా ముందు పెట్టారు.

మొదటి రోజు ఆ బూట్లు పాడవుతాయని ఇంట్లోనే దాచి, ఉత్త కాళ్లతో బయలుదేరాను. లైను చివర మలుపు తిరిగానో లేదో వెనక అలికిడైంది. పక్కింటి అవ్వ కల్లాపి బకెట్టు పడేసి, రొమ్ము బాదుకుంటూ వస్తోంది. ఆమె వెనక చంటిపిల్లను చంకనేసుకుని ఒకామె, ఆమె వెనక తడిజుట్టుతో మరొకామె, కాలనీ గేటు దాకా వచ్చేసరికి లైనులో సగం మంది. ఆగి, నేను ఊరికే పరుగెత్తుతున్నానని చెప్పాను. అవ్వ అక్కడే మట్టిలో కూలబడి, "ఊకెనే ఉరుకుతరా బిడ్డా, మా పానాలు పోయినయి గదా" అని నన్ను తిట్టవలసినంతా తిట్టింది. ఊపిరి తీసుకున్నాక తీర్పూ ఆమే చెప్పింది. "గంత సోకుంటే బూట్లేసుకొని ఉరుకు. బూట్లుంటే నీ సోకనుకుంటం. ఉత్త కాళ్లుంటేనే మేమొస్తం." ఆడవాళ్లందరూ సరేనన్నారు. మా లైనులో ఆ రోజు నుంచి అది చట్టం.

బూట్లతో నా పరుగు కొన్నాళ్లకు అందరికీ అలవాటైంది. నాకు పొద్దున్నే ఆ ఒంటరితనం ఎంత బాగుండేదో చెప్పలేను. కాలనీ దాటి, నేల మీది ఓపెన్ కాస్టు గని నుంచి తవ్విపోసిన మట్టి గుట్టల పక్కన, కంపెనీ నాటిన సుబాబుల్ చెట్ల మధ్య నుంచి ఒక బండి బాట పోయేది. అది అడవిలో పడి, వాగు దాటి, మా ఆయన పనిచేసే బాయి వైపు పోతుందని పశువులు కాసేవాళ్లు చెప్పారు. రోడ్డు మీదైతే ఆ బాయికి చుట్టూ తిరిగి పోవాలి, ఈ బాటైతే అడ్డంగా పోవచ్చు. ఎప్పటికైనా ఒక రోజు అటు నుంచి పరుగెత్తుకుంటూ పోయి, షిఫ్టు దిగి వచ్చే ఆయన ముందు నిలబడి ఆశ్చర్యపరచాలని నాకొక పిచ్చి కోరిక. వారం వారం కాస్త కాస్త దూరం పెంచుకుంటూ వాగు ఒడ్డు దాకా పోగలిగాను గానీ, అవతలికి ఎన్నడూ పోలేదు.

ఇంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బళ్లు లేవు, మా బడికి తాళం, బాయిలన్నీ బంద్. అయితే బాయి బందయినా నీళ్లు ఊరడం ఆగదు కదా. పంపులు ఆగితే బాయి మునుగుతుంది, రాష్ట్రం వచ్చాక తిరిగి దిగడానికి బాయి ఉండాలి. అందుకని పంపు మనుషులను మాత్రం జీపులో తీసుకెళ్లి లోపలికి దింపేవారు. మా ఆయన ఉదయం సమ్మె శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చి, రాత్రి డ్యూటీకి పోయేవారు. కాలనీలో మగవాళ్లంతా ఇళ్లలోనే ఉన్న ఆ రోజుల్లో, మా లైనులో బాయి లోపల మనిషి ఉన్న ఇల్లు మాదొక్కటే.

ఆ రోజు తెల్లవారుతుండగా బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాను. ఫోను మోగింది. ఆయనతో డ్యూటీ చేసే తోటి ఆపరేటరు, బాయి పైకొచ్చి చేస్తున్నాడు. "వదినా, కప్పు కూలింది. అన్న కాలు బండ కిందున్నది. పంపు ఆగింది, నీళ్లొస్తున్నయి" అని, ఇంకేదో అనబోతుండగా లైను తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు. అప్పుడు నేను అరచి ఉంటే నలుగురూ వచ్చేవారు. అరవాలని తోచలేదు. లేచి పరుగెత్తాను, అంతే. వాకిలి ఊడుస్తున్న అవ్వ ముందు నుంచే పోయాను. లైను పొడవునా ఆడవాళ్లు బయటే ఉన్నారు. ఒకామె పళ్లు తోముకుంటూ నన్ను చూసి చేయి కూడా ఊపింది. మలుపులో తిరిగి చూశాను, ఎవరూ రావడం లేదు. గేటు దగ్గర చూశాను, మట్టి గుట్టల దగ్గర మళ్లీ చూశాను, నా వెనక బాట ఖాళీగా ఉంది. ఇంతకాలం కలిసి బతికిన మనుషులు ఒక్కరూ ఎందుకు రాలేదో నాకు అర్థం కాక, కోపంతో, ఏడుపుతో పరుగెత్తాను.

ఆ అడవిలో నా మనసులో తిరిగింది ఒకటే, నీళ్లు ఎక్కడి దాకా వచ్చి ఉంటాయి. మోకాళ్ల దాకానా, నడుము దాకానా. ఒక చెట్టు దాటితే నడుము, మరో చెట్టు దాటితే ఛాతీ. మా అమ్మ నేర్పిన ప్రార్థనలు ఎన్నో వచ్చు, ఒక్కటీ నోటికి రాలేదు, ప్రభువా అన్న పిలుపు తప్ప. డొక్కలో పోటు పట్టింది. పడి లేచాను, అరచేయి చీరుకుపోయింది. అలవాటున్న దారే, అయినా ఆ రోజు ఎంతకీ తరగలేదు. వాగు ఒడ్డుకు వచ్చేసరికి వానాకాలపు ఎర్ర నీళ్లు నిండుగా పారుతున్నాయి. దిగాను. నడుము లోతు వచ్చింది. ఆయనకూ ఇప్పుడు ఇంతే లోతు ఉందేమోనని అనిపించగానే మధ్యలో కొంతసేపు ముందుకూ వెనక్కూ కదలలేకపోయాను.

ఎలాగో ఒడ్డెక్కాక తడిసిన బూట్లు ఇనుపగుండ్లయ్యాయి. విప్పుదామని వంగి తాళ్లు పట్టుకున్నప్పుడు తెలిసింది నాకు, కాలనీలో ఎవరూ ఎందుకు రాలేదో. అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ ఒడ్డున కూర్చుని గట్టిగా, పశువు అరచినట్టు ఏడ్చాను. వినడానికి ఎవరూ లేరు. బూట్లు అక్కడే వదిలేసి ఉత్త కాళ్లతో లేచాను.

వాగు అవతల బాట నాకు తెలియదు. ముళ్లు, రాళ్లు, అడుగు ఎక్కడ పడుతోందో చూసుకోలేదు. అడవి దాటగానే ఒక చిన్న గూడెం వచ్చింది, ఆ ఊరి పేరు కూడా నాకప్పటికి తెలియదు. బోరింగు దగ్గర బిందెలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నన్ను చూశారు, ముఖం కాదు, కాళ్లు చూశారు. ఒకామె చేతిలో బిందె అక్కడే వదిలేసింది. వెనక అడుగుల చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే ఆ ఆడవాళ్లంతా వస్తున్నారు, ఇళ్లలో నుంచి మగవాళ్లు కూడా బయటపడుతున్నారు. ఒక ముసలామె నా పక్కకు వచ్చి, "ఏ బాయి బిడ్డా" అని ఒక్క మాటే అడిగింది. చెప్పాను. ఎవరు, ఏమిటి అని అడగలేదు, నా కంటే ముందు పరుగెత్తింది.

బాట రోడ్డులో కలిసేచోట, బాయి ప్రమాదాలకు వచ్చే రెస్క్యూ వాళ్ల వ్యాను నిలబడి ఉంది. సమ్మెకని ఎవరో రాత్రి పెద్ద మద్దిచెట్టును రోడ్డుకు అడ్డంగా కూల్చారు. ఆ వేళప్పుడు పక్కనున్న సమ్మె శిబిరంలో మనిషి లేడు. వ్యానులోని ఆ కొద్దిమంది చిన్న గొడ్డలితో కొమ్మలు నరుకుతున్నారు. సమ్మె మాదే, చెట్టు పడేసిందీ మావాళ్లే, ఎవరిని ఏమనడానికీ లేదు. గూడెం జనమంతా ఆ మానుకు భుజాలు పెట్టారు. ఆడవాళ్లు కొంగులు బిగించి కొమ్మలు పట్టి లాగారు. మొదటిసారి కదల్లేదు, రెండోసారీ కదల్లేదు. ఆ ముసలామె వాళ్లను తిడుతూ, బతిమాలుతూ అటూ ఇటూ తిరిగింది. మాను పక్కకు దొర్లినప్పుడు వ్యాను వాళ్లు నన్ను చేయి పట్టి లోపలికి లాగారు.

ఆయనను బాయి పైకి తెచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. స్ట్రెచరు మీద ఆయన ముఖం మసితో, బురదతో గుర్తు పట్టలేకుండా ఉంది. నీళ్లు గడ్డం దాకా వచ్చాయని, తల పైకెత్తి పట్టుకుని ఉన్నారని, ఇంకాస్త ఆలస్యమైతే తమకు పని ఉండేది కాదని రెస్క్యూ ఆయన చెప్పాడు. మా ఆయన కళ్లు తెరిచి, రక్తం కారుతున్న నా పాదాల వంక చూసి, "బూట్లేవి" అని అడిగారు. ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు దక్కలేదు.

పక్కింటి అవ్వ దవాఖానకు వచ్చి నా చేతులు పట్టుకుని, "చూసిన బిడ్డా, వాకిలి ఊడ్సుకుంట చూసిన, బూట్లున్నయని ఊకున్న" అని ఏడ్చింది. నీ తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పినా, చనిపోయేదాకా ఆ మాట ఆమెను వదల్లేదు. నేను మళ్లీ ఏనాడూ పరుగెత్తలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆయన ఉద్యోగం మా పెద్దవాడికి వచ్చింది, అందుకే ఇంకా ఈ కాలనీలోనే ఉన్నాం. మా వాడు ఓపెన్ కాస్టులో డంపరు నడుపుతాడు, భూమి లోపలికి దిగే పని లేదు. లైనులో పాతవాళ్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లకు పరుగంటే ఆరోగ్యం. ఎవరు ఎటు పరుగెత్తినా తలెత్తి చూసేవారు లేరు. ఇలా భయం లేకుండా పరుగెత్తే రోజు రావాలనే కదా మేం కోరుకున్నది. మంచిదే. అయినా, ఒక మనిషి పరుగు చూసి పేరైనా అడగకుండా బిందెలు వదిలేసి వెంట వచ్చిన ఆ మనుషులు ఇప్పుడెక్కడ ఉన్నారా అని నాకు దిగులేస్తుంది.

రోజూ పొద్దున ఆ ఎదురింటి పిల్ల అడుగుల చప్పుడు వినబడగానే మా ఆయన టీ గ్లాసు కింద పెడతారు. చంక కర్ర వెతుక్కుని, వరండా గ్రిల్లు పట్టుకుని లేచి నిలబడతారు. చూపు ఆనదు, అందుకని నన్నే అడుగుతారు.

"ఎవరో ఉరుకుతుండ్రు. కాళ్లకు బూట్లున్నయా చూడు."

నేను గేటు దాకా పోయి చూసి, ఉన్నాయని చెబుతాను. అప్పుడు కూర్చుంటారు.